సగంలో ఆగిన రాతను మళ్ళీ కదిలించడం ఎలా?

మొదలుపెట్టిన నవలో, కథల సంపుటో, పాటల పుస్తకమో మీ బీరువాలో సగంలో ఆగి ఉంటే ఈ మాటలు మీ కోసమే. నేను ఉండేది అనంతపురంలో. ఉద్యోగం చేసుకుంటూ ఒక నవల పూర్తి చేయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. అందులో రాసిన రోజులకంటే రాయని రోజులే ఎక్కువ. రాయని రోజుల్లో నేను ఖాళీగా ఏమీ లేను. పేజీ పక్కన పెట్టి నా మీద నేనే విచారణ జరుపుకుంటూ కూర్చున్నాను. నాకు రాయడం వచ్చా? ఈ పనికి నేను తగినవాణ్నేనా? ఆ విచారణకు తీర్పు ఎప్పటికీ రాదని అర్థం కావడానికి సగం కాలం పోయింది. అర్థమయ్యాక పని నడిచింది. ఎలా నడిచిందో వరసగా చెబుతాను. మీది రాత కాకపోయినా, బొమ్మలైనా, షార్ట్ ఫిల్మ్ అయినా, ఇందులో చాలావరకు పనికొస్తుంది.

దానికి ముందు మా చేను సంగతి ఒకటి చెప్పాలి. మా జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి తీరం దాటి మా దాకా వచ్చేసరికి పలచబడతాయి. అయినా జూన్, జూలై వచ్చిందంటే ఎర్రనేలల్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తుతారు. నేలలోకి ఊడలు దిగి కాయ పట్టే వేళకు బెట్ట తగిలితే పంట పోతుంది. పంట పోయిన ఏడాది మా నాయన "నాకు సేద్యం రాదు" అని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. చేన్లోకి పోయి అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు పెరికి చూసేవాడు. ఊడ దిగిందా, దిగినా కాయ పట్టలేదా, వేరుకు పురుగు తగిలిందా అని. ఎందుకు నాయనా, పంట పోనే పోయింది కదా అంటే, "యాడ పోయిందో చూడల్ల గదా" అనేవాడు.

ఆ మాటే నా నవలను బతికించింది. సందేహం వచ్చినప్పుడు మన మీద మనం తిరగబడతాం. అప్పుడు కూడా చెట్టు పెరికి చూడాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ముందు గట్లు వేయండి

"మంచి నవల రాయాలి" అనేది కోరిక. దానికి మొదలు, చివర ఉండవు కాబట్టి ఎంత రాసినా తక్కువే అనిపిస్తుంది. ఒక కాగితం తీసుకొని మూడు సంగతులు రాయండి. దేని గురించి రాస్తున్నారు, ఒక్క వాక్యంలో. ఎన్ని పేజీలు. ఎవరు చదవాలి. నా కాగితం మీద ఇలా ఉంది: "వానల్లేక బెంగళూరుకు కూలికి పోయిన కుటుంబం ఐదేళ్ళకు ఊరికి తిరిగి వస్తుంది. 200 పేజీలు. మా ఊరి బస్సులో నా పక్క సీట్లో కూర్చునే మనిషి చదవగలగాలి." దాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. కథ పక్కదారి పట్టిన ప్రతిసారీ ఆ మూడో వాక్యమే నన్ను వెనక్కి లాగింది.

తర్వాత లెక్క. లాంగ్ నోట్‌బుక్‌లో రోజుకు ఒక పేజీ. వారానికి 5 రోజులు. పండుగలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు పోగా ఏడాదికి 50 వారాలు అనుకుంటే 250 పేజీలు. మొదటి ప్రతికి అంతకంటే అక్కర్లేదు. రోజుకు మూడు పేజీలు అని పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను. నాలుగో రోజు ఒకటిన్నర పేజీ రాసి ఓడిపోయినట్టు పడుకున్నాను. ఒక పేజీ లెక్కలో అది అరపేజీ ఎక్కువ రాసిన రోజు!

వేళ

మీతో ఎవరికీ పని లేని వేళ ఏదో చూసుకోండి. నాకది తెల్లవారుజాము 5 నుంచి 6. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాత్రి పదైనా గోడలు సెగలు కక్కుతుంటాయి, మెదడు పని చేయదు. ఇంట్లో ఆడవాళ్ళకు తెల్లవారుజాము అసలు దొరకదు, కొళాయి నీళ్ళతోనే రోజు మొదలవుతుంది. మా అక్క పాటలు రాసుకునేది మధ్యాహ్నం పిల్లలు బడినుంచి వచ్చేలోపు ముప్పావు గంట. ఆ ముప్పావు గంట ఎవరికీ ఇవ్వనని ఇంట్లో నోరు తెరిచి చెప్పింది. అలా చెప్పడమే అసలు పని. దొంగచాటుగా రాసుకునే మనిషికి ప్రతి చప్పుడుకూ చేయి ఆగుతుంది.

విత్తనం కాయను ముందే ఒలవకండి

చెనిక్కాయను విత్తనానికి దాచేటప్పుడు పొట్టుతోనే దాస్తారు. వాన జాడ తెలిశాక, విత్తే ముందు ఒలుస్తారు. ముందే ఒలిచి పెడితే గింజ మొలకెత్తే బలం పోగొట్టుకుంటుంది. కథ కూడా అంతే. మొదట్లో నేను ఉత్సాహం ఆపుకోలేక సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ దోస్తులకు కథంతా చెప్పేశాను. వాళ్ళు బాగుందన్నారు. ఆ రాత్రి రాయడానికి కూర్చుంటే చెప్పాలన్న ఆత్రం తీరిపోయి ఉంది. రెండు నెలలు పెన్ను కదల్లేదు. మొదటి ప్రతి పూర్తయ్యేదాకా కథ ఎవరికీ చెప్పకండి. అడిగితే "వలస పోయినోళ్ళ కథ" అని ఒక్క ముక్కలో తేల్చేయండి.

ఇదే విత్తనం విషయంలో నా నవల్లోనే ఒక తప్పు దొర్లింది. ఆ సంగతి చివర్లో వస్తుంది.

ఇంకొక అలవాటు. ఎంత కరువొచ్చినా విత్తనం మూటను ముట్టుకోరు, అప్పు చేసి గింజలు కొంటారు గానీ. అలాగే ఏ రోజు రాత ఆ రోజు ఊడ్చేయకండి. రేపు మొదట రాయాల్సిన వాక్యం మనసులోకి వచ్చాక, దాన్ని రాయకుండా పేజీ అడుగున రెండు మాటల్లో గుర్తు పెట్టి లేవండి. "అవ్వ తాళం వెతుకుతుంది" అని ఉంటే చాలు. పొద్దున ఖాళీ పేజీ ముందు కూర్చునే టెన్షన్ సగం తగ్గుతుంది.

సందేహాన్ని పేజీ మీదికి దించండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది, నెమ్మదిగా చదవండి.

నోట్‌బుక్ వెనక నుంచి ఒక పేజీ తిప్పి మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు, మనసులో వినిపించిన మాటను ఉన్నదున్నట్టు రాయండి, మర్యాదగా మార్చకుండా. కుడివైపు, ఆ మాట మీ ప్రతిలో ఏ పేజీ గురించి, ఏ చోటు గురించో రాయండి.

నా పుస్తకంలో ఒక ఎడమ మాట: "నా రాత చప్పగా ఉంది." కుడివైపు వెతికితే దొరికింది: "నాలుగో అధ్యాయంలో 6 పేజీల పాటు ఎవరూ ఏమీ చేయరు. అందరూ పాత రోజులు తలచుకుంటూ కూర్చుంటారు." దీనికి మందు ఉంది. ఆ ఆరు పేజీల్లో ఎవరో ఒకరు లేచి ఏదో ఒక పని చేయాలి. అవ్వ చేత ఇంటికి తాళం వేయించాను. తాళం పాతది, పడదు. ఆ తాళంతో కుస్తీ పడుతుంటేనే పాత రోజులన్నీ మాటల్లో వచ్చేశాయి.

ఇంకొక ఎడమ మాట: "నాకు భాష లేదు." ఇది మా ప్రాంతంలో రాసేవాళ్ళను చాలా వేధించే మాట. బడిలో నేర్చిన తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు కావడంతో, మన మాట రాస్తే మోటుగా ఉంటుందేమో, ఇతర జిల్లాల వాళ్ళకు అర్థం కాదేమో అని భయం. నేను మొదట రాసిన 140 పేజీలు ఆ భయంతో రాసినవే. అందులో అవ్వ ఇలా అంటుంది: "బాబూ, వర్షాలు సకాలంలో కురవనందువల్ల మనం ఊరు విడిచి వెళ్ళవలసి వస్తోంది." కుడివైపు రాసుకున్నాను: "అవ్వ పుస్తకంలాగా మాట్లాడుతోంది." మా అవ్వ ఆ మాట ఎలా అనేదో కళ్ళు మూసుకొని విన్నాను. "వాన సుద్దే లేకపాయ. ఈడుండి ఏం తిని బతకల్ల నాయనా, పోదాం పదండి." ఒక్క వాక్యం మారింది. దాంతో ఆ మనిషి నవల్లోకి నడిచొచ్చింది. 140 పేజీలూ తిరగరాశాను, కానీ నాకు భాష లేదన్న మాట మళ్ళీ ఆ రూపంలో రాలేదు.

మూడో మాట: "ఇంతకంటే బాగా ఎంతోమంది రాసేశారు." దీనికి కుడివైపు రాయడానికి ఏ పేజీ దొరకలేదు. పావుగంట వెతికినా దొరకని మాటను కొట్టేసి పనిలోకి వెళ్ళండి. అలాంటివి ఎక్కువగా ఆకలి, నిద్రలేమి, పక్కవాళ్ళ పుస్తకావిష్కరణ ఫొటోల వల్ల వస్తాయని నా అనుభవం. ఒక ఉగ్గాని ప్లేటు తిని, గంట పడుకొని లేస్తే సగం వాటంతటవే పోతాయి.

పోకపోతే? రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సయించక, దేని మీదా మనసు పెట్టలేకపోతే దాన్ని రాత సమస్య అనుకోకండి. డాక్టర్‌ను కలవండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. నవల ఎక్కడికీ పోదు.

కడపకు వెళ్ళే పని పడితే సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళి ఒక పూట కూర్చోండి. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే అది ఉంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేనాటికి బ్రౌన్‌కు ఇంకా 22 ఏళ్ళు నిండలేదు. తర్వాత సొంత జీతంలోంచి పండితులను పెట్టుకొని, ఒకే పద్యానికి దొరికిన రాతప్రతులన్నీ పక్కపక్కన పరిచి, ఏ ప్రతిలో ఏ మాట ఉందో పోల్చి చూసే పని చేయించాడు. మధ్యలో ఇంగ్లండ్‌లో ఉన్న కాలంలో కూడా ఇండియా హౌస్ గ్రంథాలయంలోని తెలుగు రాతప్రతుల దగ్గరే కూర్చున్నాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. కడప చేరిన 32 ఏళ్ళకు. ఒక పరాయి భాషలో అంత పని నెత్తికెత్తుకున్న మనిషికి సందేహాలు రాకుండా ఉంటాయని నేను అనుకోను. కానీ ఆయన బల్ల మీద ప్రతిరోజూ ఉన్న ప్రశ్న "ఈ చోట ఏ మాట సరైనది?" అనేదే. దానికి జవాబు వెతకొచ్చు, ఈ రోజు కాకపోతే రేపు దొరుకుతుంది.

దెబ్బ ఏ రకందో తేల్చుకోండి

అన్ని దెబ్బలకూ ఒకే కట్టు సరిపోదు. నాకు మూడు రకాలు తగిలాయి.

ఒకటి, తిరస్కారం. ఒక అధ్యాయాన్ని కథగా మార్చి ఒక పత్రికకు పంపితే పది నెలలు ఉలుకూ పలుకూ లేదు. అడిగితే ప్రచురించలేమన్నారు, ఎందుకో చెప్పలేదు. ఇలాంటప్పుడు ఆ రోజే కథ తీసి దిద్దకండి. కోపంతో దిద్దితే బాగున్నవాటినీ కోసేస్తాం. పది రోజులు ఆగి, బయటికి చదువుకోండి. మీ నాలుక తడబడిన చోట మాత్రం దిద్ది, ఇంకొక పత్రికకు పంపండి. ఏది ఎప్పుడు ఎక్కడికి పంపారో ఒక పేజీలో రాసి పెట్టుకోండి. ఒక కథ తిరిగొచ్చేసరికి ఇంకొకటి బయట తిరుగుతుంటే మనసు అంత కుంగదు.

రెండు, నష్టం. కర్నూలులో మా మామ పద్యాలు రాసేవాడు. 30 ఏళ్ళ నోట్‌బుక్కులు ఒక ట్రంకు పెట్టెలో మంచం కింద ఉండేవి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆయన పిల్లల్ని మిద్దె మీదికి ఎక్కించగలిగాడు, పెట్టెను ఎక్కించలేకపోయాడు. నీళ్ళు తీశాక నేను వెళ్ళాను. పెట్టెలో ఉన్నవి కాగితాలని చెబితే తప్ప తెలియదు, బురద ఇటుకల్లాగా ఉన్నాయి. ఆయన వాటిని ఎండబెడతానని రెండు రోజులు మిద్దె మీద కూర్చున్నాడు. మూడో రోజు నన్ను బజారుకు పంపి 200 పేజీల నోట్‌బుక్ తెప్పించుకొని, గుర్తున్న పద్యాలు రాయడం మొదలుపెట్టాడు. నలభై చిల్లర తేలాయి. "ఇవి నాకు నోటికి వచ్చినాయంటే ఇవి నిలబడినట్టే లేప్పా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూనే.

ఆయన గుండె దిటవు నాకు లేదు. నా ఫోన్ బస్సులో పోయినప్పుడు టైపు చేసిన 60 పేజీలు దాంతోపాటే పోయాయి, నాలుగు నెలలు మళ్ళీ ముట్టుకోలేదు. అందుకే ఈ ఒక్కటీ ఈ రోజే చేయండి. ప్రతి ఆదివారం ఆ వారం రాసిన పేజీలను ఫోన్‌తో ఫొటో తీసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. టైపు చేస్తుంటే ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. మూడు నెలలకొకసారి జిరాక్స్ తీసి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంట్లో ఒక కట్ట ఉంచండి. పది నిమిషాల పని.

మూడోది, జీవితమే అడ్డం రావడం. నాయనకు జబ్బు చేసినప్పుడు 11 నెలలు ఒక్క అక్షరం రాయలేదు. ఆ 11 నెలలకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు, ముఖ్యంగా మీకు మీరు. ఇబ్బంది అంతా మళ్ళీ మొదలుపెట్టే రోజున వస్తుంది. అప్పుడు అందరం చేసే తప్పు, మొదటి పేజీ నుంచి చదవడం. చదువుతూ దిద్దుతాం. ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి అంతా చెత్తగా కనిపించి మూసేస్తాం.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళను చూడండి. మగ్గం మీద పడుగు అయిపోవస్తే దాన్ని పూర్తిగా తీసి పారేయరు. పాత పడుగు చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు, వేల పోగులు. పాత పోగులు మగ్గంలో ఎక్కడ దూరాలో అక్కడ ముందే దూరి ఉన్నాయి కాబట్టి, అతికి లాగితే కొత్తవి వాటి వెంటే వెళ్తాయి. మీరూ అలాగే చేయండి. చివరగా రాసిన ఒక్క పేజీ మాత్రం తీసి, దాన్ని కొత్త నోట్‌బుక్‌లో మక్కికి మక్కి ఎత్తిరాయండి. మొదటి రోజు అంతే. రెండో రోజు మళ్ళీ అదే పేజీ. మూడో రోజుకు చేయి ఆ పేజీ చివర ఆగనంటుంది. నాకు మూడో రోజు నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆ నాలుగు వాక్యాలు ఇప్పటికీ నవల్లో ఉన్నాయి.

ఎవరికి చూపించాలి, ఏమడగాలి

మొదటి ప్రతి పూర్తయ్యాక ముగ్గురికి ఇవ్వండి. మీరు రాస్తున్న బతుకు తెలిసినవాళ్ళు ఒకరు, పుస్తకాలు బాగా చదివేవాళ్ళు ఒకరు, మీరంటే ప్రత్యేకమైన అభిమానం లేనివాళ్ళు ఒకరు. "ఎలా ఉంది?" అని అడగకండి. బాగుందంటారు, ఆ మాటతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. "చదువుతూ ఎక్కడ పక్కన పెట్టారు? ఎవరు ఎవరో ఎక్కడ తికమక పడ్డారు?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు ఒకే చోటు చూపిస్తే ఆ చోటు దిద్దండి, మీకు ఎంత ఇష్టమైనదైనా సరే. ఒక్కరే అన్న మాటను రాసి పెట్టుకోండి, వెంటనే కత్తెర పట్టకండి.

ఇంట్లోవాళ్ళు "దీనివల్ల ఏమొస్తుంది?" అంటారు. ఆ ప్రశ్న వెనక చాలాసార్లు డబ్బు భయం ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది సొంత ఖర్చుతో 500 కాపీలు వేసుకొని, సగం పంచిపెట్టి, మిగతావి అటక మీద పెట్టుకోవడం వాళ్ళు చూసే ఉంటారు. అప్పు చేసి పుస్తకం వేయనని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి. నేను ఇంట్లో ఆ మాట ఇచ్చిన తర్వాతే తెల్లవారుజామున నా గదిలో లైటు వెలగడం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పని కదలనప్పుడు రూపం మార్చి చూడండి

ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు పారేంత పలచగా చేసి, ఉలులతో చిల్లులు కొట్టి రంగులు వేస్తారు. రాత్రంతా రామాయణం ఆడించిన బొమ్మలవి. సినిమాలు, టీవీలు వచ్చి ఆట చూసేవాళ్ళు తగ్గాక, అక్కడి కళాకారులు అదే తోలు, అదే ఉలి, అవే రంగులతో దీపాల మీద వేసే షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం నేర్చుకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. చేతిలో పని ఆరిపోకుండా ఉండటానికి వాళ్ళు వెతుక్కున్న దారి అది.

నవల కదలకపోతే అందులో ఒక అధ్యాయాన్ని పది పేజీల కథ చేయండి. కథ కదలకపోతే అందులో ఒక మనిషి మాట్లాడినట్టు ఫోన్‌లో రికార్డు చేయండి. నా అధ్యాయం ఒకటి అలా కథై, ఊళ్ళో ఒక సాహిత్య సమావేశంలో ముప్పైమంది ముందు చదివాను. చదివాక ఒక పెద్దాయన వచ్చి, తనూ అలాగే బెంగళూరులో మట్టి మోశానని చెప్పి చేయి పట్టుకున్నాడు. ఆ వారమంతా రోజుకు రెండు పేజీలు రాశాను.

నిజంగానే ఆపాల్సి వస్తే

కొన్ని పనులు ఆపాలి కూడా. గీత గీసిన పేజీలు ఏడాదిపాటు రాసి, పదే పదే అదే చోట పని ఆగుతుంటే, ఆ చోటు దాటడానికి మీకు కావలసింది ఇంకా మీ దగ్గర లేదని అర్థం. అప్పుడు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, తర్వాత ఏమవుతుందని అనుకున్నారు, ఒక పేజీలో రాసి, తేదీ వేసి, ప్రతి పైన పెట్టి గుడ్డలో కట్టేయండి. ఊరికే వదిలేసింది మనసులో కుళ్ళుతుంది. లెక్క రాసి కట్టేసింది అలా చేయదు. లేపాక్షి గుడికి వెళ్తే కల్యాణ మంటపం చూడండి. పూర్తి కాలేదు, కప్పు లేదు. స్తంభాల మీద చెక్కినంత మేరా మాత్రం ఎంత శ్రద్ధగా చెక్కారో!

చివరి ఇరవై పేజీలు

అన్నిటికంటే పెద్ద సందేహం ఇంకో ఇరవై పేజీలు ఉందనగా వస్తుంది. ఇన్నాళ్ళూ "రాస్తున్నాను" అని చెప్పుకున్నాం. పూర్తయితే ఇక జనం చదివేస్తారు. అందుకే మొదటి అధ్యాయం మళ్ళీ దిద్దాలనీ, పేర్లు మార్చాలనీ బుద్ధి పుడుతుంది. ఆ ఇరవై పేజీలు రాసేటప్పుడు వెనక్కి తిరిగి చూడకండి. డీటీపీ చేసే అతనితో తేదీ మాట్లాడేసుకోండి, బయటి మనిషికి ఇచ్చిన మాట మనల్ని నడిపిస్తుంది. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే, ప్రెస్సు వాళ్ళు వాడే "అను" ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెడిపోతాయని గుర్తుంచుకోండి. ప్రూఫు మీరే రెండుసార్లు చూడండి, రెండోసారి పైకి చదువుతూ.

పైకి చదివేటప్పుడు ఎదురుగా ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది. నేను మా ఊరికి పోయి అమ్మకు చదివి వినిపించాను. జూన్ నెల. ముందురోజు రాత్రి మంచి వాన పడింది. అమ్మ అరుగు మీద కూర్చొని విత్తనం కాయలు ఒలుస్తూ వింటోంది. మూడు రోజులు చదివాను. నడుమ ఏమీ అనలేదు. నా గొంతు వణుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏడో అధ్యాయంలో, ఉగాది నాడు ఆ ఇంటి కోడలు గడపలో కూర్చొని కాయలు ఒలిచే చోటికి వచ్చేసరికి అమ్మ చేతులు ఆగాయి.

"అదేంది నాయనా, వాన సుద్దే లేదు, ఆయమ్మ ఉగాదికే యాల ఒలుస్తాండాది? ఇత్తనం చెడిపోదా?"

ఆ నాలుగు పేజీలు నాకు చాలా ఇష్టమైనవి. నోట్‌బుక్‌లో గీత గీసి కుడివైపు రాసుకున్నాను: "ఏడో అధ్యాయం, ఉగాది, కాయలు." ఆ రాత్రి అక్కడే, మా ఇంట్లోనే, ఆ నాలుగు పేజీలు కొట్టేసి, వాన పడిన మర్నాడు ఆ కోడలి చేత కాయలు ఒలిపించాను.